చెవిలో స్క్రూడ్రైవర్

ఆ వీధి మెకానిక్‌ను అందరూ డాక్టరుగారంటారు. ఆ పేరు పెట్టుకున్నది ఆయనే. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుంటాడు. కారు మాట ఆయనొక్కడికే వినబడుతుందట. పెళ్లాం మాట మాత్రం ఇంతవరకూ వినబడలేదు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే కారొకటి, గేరు మారినప్పుడల్లా వెనకనుంచి తన్నినట్టు కుదుపుతోందని టీచరమ్మ తెచ్చింది. ఆయన విన్నాడు. "గేర్‌బాక్సే," అన్నాడు. ఆయిలు మార్చాడు, కుదుపు పోలేదు. గేర్‌బాక్సు విప్పి బిగించాడు, ఇంకాస్త పెరిగింది. మూడోసారి కారు వచ్చినప్పుడు ఆయన భార్య కుట్టుమిషను మీది టేపు తెచ్చి నాలుగు టైర్లూ చుట్టూ కొలిచింది. మూడు అరిగిపోయినవి, నాలుగోది కొత్తది, దాని చుట్టుకొలత రెండంగుళాలు ఎక్కువ. "ఒక చక్రం ఒకలా, మూడు మరోలా తిరుగుతుంటే గేర్లేం చేస్తాయండీ పాపం?" అంది.

డాక్టరుగారు రెచ్చిపోయాడు. "నేనెప్పుడో అనుకున్నా! ఇలాంటి కారుకి ఒక్క టైరే మార్చిన బుద్ధిలేనివాడెవడు?"

"మీరేనండీ, పోయిన నెల," అంది టీచరమ్మ.

ఆయన తొణకలేదు. స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. "ఉండండమ్మా, ఇంజనేదో చెబుతోంది."

ఇంజను ఆపి అప్పటికి గంటైంది.