పాటల తర్వాత మిగిలిన రెండు నిమిషాలు

"ఇంకోసారి విను భాయ్, తెలుస్తది." హాస్టల్లో నా రూమ్మేట్ ఎప్పుడూ అనే మాట ఇది. తొంభైల్లో యూనివర్సిటీలో ఫిజిక్స్ చదివేవాడు. ల్యాబులోని సిగ్నల్ జనరేటర్‌తో మోతలు పుట్టించి, ఒకదాని మీద ఒకటి రికార్డు చేసి, అది సంగీతం అనేవాడు. నాకు ట్యూబులైటు చోక్ గుయ్యిమన్నట్టుండేది. అతను మాత్రం కళ్లు మూసుకుని, చూపుడువేలితో మోకాలి మీద మెల్లగా కొట్టుకుంటూ వినేవాడు.

అతను ఊరికి వెళ్లినప్పుడు, ఖాళీ క్యాసెట్ దొరక్క, అతని క్యాసెట్‌నే తార్నాకలో పాటలు రికార్డు చేసే షాపుకు తీసుకెళ్లాను. ఎవరూ చెరపకుండా దాని మూలన ఉండే ప్లాస్టిక్ ముక్కను అతను ముందే విరగ్గొట్టాడు. షాపాయన అది చూసి ఆగాడు.

"ఇందుల ముఖ్యమైందేమన్న ఉన్నదా?"

"ఏం లేదన్నా, ఉత్త మోత."

ముక్క విరిగిన ఆ కంత మీద సెల్లోటేపు అంటించి సినిమా పాటలు నింపాడు.

తిరిగొచ్చాక అతను ఆ పాటలన్నీ ఓపిగ్గా విన్నాడు. పాటలు అయిపోయాక, టేపు చివర అతని మోత రెండు నిమిషాలు వినిపించింది. వేలు మోకాలి మీద కదిలింది.

"గింతన్న మిగిలింది," అంటూ క్యాసెట్ నా చేతిలో పెట్టాడు. "నువ్వే ఉంచుకో. ఇంకోసారి విను."

ఏళ్ల తరబడి వింటే తెలిసింది. ఆ రెండు నిమిషాల్లో రెండు మోతలు ఒకటైపోయి ఉంటాయి. ఎక్కడెక్కడి నుంచి వచ్చి కలిశాయో నేను పాటలతో చెరిపించిన ఆ ముందు అరగంటలో ఉండేది. అది నా పక్కనే ఎన్నిసార్లో మోగింది. నేను ఒక్కసారి కూడా వినలేదు.