కొండ మీద తిరగమోత

మా బావ కొండలెక్కడం మొదలుపెట్టిన మూడో ఏడు మా అక్క ఫోన్ చేసి, "ఒకసారి గుడివాడ రా, పనుంది," అంది. అదేదో ఫోన్లోనే చెప్పమంటే చెప్పలేదు. నేను బందరులో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఆదివారం బస్సెక్కి వెళ్ళాను. బావ ఇంట్లో లేడు, కోడూరులో రొయ్యల చెరువుల దగ్గరున్నాడు. అక్క వీధి తలుపు దగ్గరగా వేసి, బీరువాలోంచి ఒక స్వెట్టర్ తీసి నా ముక్కు దగ్గర పెట్టింది.

"వాసన చూడు."

"చెమటక్కా. కాస్త పొగ."

"ఇంకా?"

మళ్ళీ చూశాను. ఇంగువ వాసన. సందేహం లేదు.

"కదా! కొండలెక్కినవాడి స్వెట్టర్‌కి ఇంగువ వాసనేంట్రా? ఉతక్కుండా దాచాను, ఇంకెవరికన్నా తెలుస్తుందో లేదో చూద్దామని."

దాంతో ఆగలేదు. బావ తెచ్చిన ఫోటోలు చూపించింది. అన్నీ కొండలే. మంచు, రాళ్ళు, గుడారాలు, బరువులు మోసే కంచరగాడిదలు. ఒక్కదాంట్లోనూ బావ లేడు. పోయినసారి వచ్చినప్పుడు బొటనవేలి మీద చాకు గాటు ఉందట. ఏంటని అడిగితే రాయి గీసుకుందన్నాడట.

"రాయి గీసుకుంటే అలా సన్నగా గీత పడుతుందా? ఎవరింట్లోనో కూరలు తరిగాడు. ఎవరికో."

నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. మా బావ సంగతి మా ఇళ్ళల్లో అందరికీ తెలుసు. పెళ్ళయిన దగ్గర్నుంచీ మంచినీళ్ళు కూడా తనంతట తను ముంచుకుని తాగిన మనిషి కాదు. షుగర్ వచ్చింది, నడవమని డాక్టరు చెబితే గుడివాడ రోడ్ల మీద నాలుగు రోజులు నడిచి విసుగొచ్చి మానేశాడు. ఎవరో స్నేహితుడు ఉత్తరాఖండ్ తీసుకెళ్ళాడు. అంతే, అప్పట్నుంచి ఏటా వీపుకి సంచి తగిలించుకుని కొండల మీదికి పోతున్నాడు.

ఇంకొకటి కూడా చెప్పాలి. బావది రొయ్యల వ్యాపారం. ఆ వ్యాపారంలో ఎవరినీ నమ్మడానికి లేదంటాడు. రొయ్యపిల్ల అమ్మేవాడు రోగం పిల్ల అంటగడతాడేమోనని, కాపలావాడే చీకట్లో వల వేస్తాడేమోనని, కాటా దగ్గర తూకం మారుస్తారేమోనని ఎప్పుడూ అనుమానమే. చెరువుల చుట్టూ కెమెరాలు పెట్టించాడు. అన్నం తింటూ ఎడంచేత్తో ఫోన్లో అవే చూస్తుంటాడు.

"ఆయన లోకం మొత్తాన్నీ అనుమానిస్తాడు. నేను ఆయన్నొక్కర్నే అనుమానిస్తున్నాను. అది తప్పా?" అంది అక్క. "ఈసారి నువ్వు కూడా వెళ్ళు. ఏం జరుగుతోందో చూసిరా."

వేసవి సెలవులు. తప్పించుకోవడానికి కారణం దొరకలేదు. నేనూ వస్తానని చెబితే బావ నన్ను కాసేపు తేరిపార చూసి, "బూట్లు ఇప్పుడే కొనుక్కో. కొత్తవి వేసుకుని కొండెక్కితే పాదాలు బొబ్బలెక్కుతాయి," అన్నాడు. వద్దనలేదు. వద్దనకపోవడం కూడా నాకు అనుమానంగానే అనిపించింది.

మాది సముద్రమట్టానికి జానెడు ఎత్తున్న నేల. బందరులో మేడెక్కితేనే ఎత్తు. ఉత్తరాఖండ్ కొండల్లో మొదటిరోజే ఊపిరి చాలక, పది అడుగులకోసారి చేతికర్రల మీద వాలిపోయాను. వీపు మీది సంచి నడుముని లాగేస్తోంది. పదిమందికి లోపే ఉన్నాం మేం. ఒక గైడు, ఒక వంటమనిషి, ఇద్దరు సాయం మనుషులు, సామాను మోసే కంచరగాడిదలు. జట్టులో పూణే నుంచి వచ్చిన డాక్టరమ్మ ఉంది, యాభై ఏళ్ళుంటాయి. బావని చూడగానే చెయ్యి ఊపి, హిందీలో "ఈసారి కూడా తెచ్చారా?" అని అడిగింది. బావ నన్ను ఒకసారి చూసి, తల మాత్రం ఊపాడు. నేను ఆ మాట మనసులో పెట్టుకున్నాను.

రెండో రోజుకి ఫోన్లో సిగ్నల్ పోయింది. కెమెరాలు కనబడకపోతే బావ ఎలా బతుకుతాడో చూద్దామనుకున్నాను. ఆయన ఫోన్ ఆపేసి సంచి అడుగున పడేశాడు. పర్సు, వాచీ గుడారంలో ఎక్కడపడితే అక్కడ వదిలేసి బయటికి పోయాడు. ఇంట్లో ఇనప్పెట్టె తాళం మొలతాడుకి కట్టుకునే మనిషి!

"బావా, పర్సు అలా వదిలేశారేంటి?"

"ఎవరు తీస్తారోయ్ ఇక్కడ? తీసినా ఆ బరువు వాడే మొయ్యాలిగా."

అన్నీ వదిలేశాడు గానీ ఒక పసుపు గుడ్డసంచి మాత్రం వదల్లేదు. చిన్నది, మూతి బిగించి కట్టి ఉంది. పొద్దువాలగానే దాన్ని చంకలో పెట్టుకుని, "ఇప్పుడే వస్తా," అని గుడారంలోంచి వెళ్ళేవాడు. గంటకి పైగా వచ్చేవాడు కాదు. ఒక సాయంత్రం నేనూ వెనకాలే బయల్దేరాను. చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. అప్పటికే పొగమంచు కమ్మేసి నాలుగు అడుగుల అవతల ఏమీ కనబడలేదు. ఎక్కడో ఆడమనిషి నవ్వు వినిపించింది, ఆ వెనకే మా బావ నవ్వు. మా బావ అలా నవ్వగా నేనెప్పుడూ వినలేదు. దారి తప్పుతానేమోనని భయమేసి వెనక్కొచ్చేశాను. వచ్చి, దుప్పటి సంచిలో దూరి, అక్కకి ఏమని చెప్పాలా అని మాటలు వెతుక్కుంటూ పడుకున్నాను.

మర్నాడు కొండ వెన్ను మీద నడవాలి. అంతవరకూ కొండ నడుం చుట్టూ తిరిగే దారి, ఒక పక్క ఎప్పుడూ కొండ ఆనుకునే ఉండేది. వెన్ను మీదికి చేరేసరికి ఆనుకోవడానికేమీ లేదు. కుడిపక్క పాత మంచు పట్టిన రాళ్ళ వాలు. ఎడమపక్క లోయ, అడుగెక్కడో తెలియదు. లోయలోంచి మబ్బు పైకి లేచి వచ్చి, సరిగ్గా మా కాళ్ళ దగ్గర గోడ అడ్డొచ్చినట్టు ఆగిపోయింది. కుడిపక్క ఎండ, ఎడంపక్క తెలుపు, మధ్యలో మనిషి నడిచేంత దారి. ఆ దారి అలా ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరానికి పాకుతూ పోతోంది. గాలి సంచిని పట్టి పక్కకి నెడుతోంది.

కొంతదూరం వెళ్ళాక నా కాళ్ళు ఆగిపోయాయి. ముందుకి పోవు, వెనక్కి తిరగవు. గైడు ముందెక్కడో ఉన్నాడు. బావ నా వెనకాలే వస్తున్నాడు. జేబుల్లో చేతులు పెట్టుకుని, కాళ్ళకేసి చూడకుండా, చెరువు గట్టు మీద నీళ్ళు చిలికే ఏరేటర్లు చూసుకుంటూ తిరిగినట్టే నడుస్తున్నాడు.

"ఏమోయ్, ఆగావేం?"

"కళ్ళు తిరుగుతున్నాయి బావా."

"ఇదీ గట్టేనోయ్. మన గట్ల కంటే వెడల్పే ఉంది, చూడు. కింద నీళ్ళు లేవు, అదొక్కటే తేడా. కిందికి చూడొద్దని చెప్పార్లే నీకు. నువ్వు చూడు. ఒకసారి బాగా చూసెయ్యి, ఆ భయం పోతుంది."

చూశాను. భయం పోలేదు. అమాంతం కూలబడ్డాను. ఇక అక్కణ్ణుంచి లేవనేమో, ఇంటికి వెళ్ళనేమో అనిపించి ఏడుపు తన్నుకొచ్చింది. దాంతోపాటు నోట్లోంచి మాట కూడా జారిపోయింది.

"బావా, నన్ను అక్క పంపింది. మిమ్మల్ని కనిపెట్టి చూడమని."

ఆయన నా పక్కనే రాయి మీద కూర్చున్నాడు. కోపం రాలేదు.

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"కొండల కోసం వచ్చినవాడు కొండల్ని చూస్తాడోయ్. నువ్వు బయల్దేరిన దగ్గర్నుంచీ నన్నే చూస్తున్నావు." నీళ్ళ సీసా నా చేతిలో పెట్టాడు. "తాగు. తాగి నా సంచి పట్టుకుని నడువు. సాయంత్రం చూపిస్తాలే."

ఆయన సంచి వెనక పట్టీ పట్టుకుని, మిగతా వెన్నంతా ఆయన మడమలు చూసుకుంటూ దాటాను. కొండవరుసలు ఎలా ఉన్నాయని ఎవరన్నా అడిగితే ఆ భాగంలో నాకు గుర్తున్నవి బావ బూట్లే.

సాయంత్రం పసుపు సంచితో పాటు నన్నూ తీసుకెళ్ళాడు. గుడారాలకి దూరంగా, గాలికి చాటుగా, వంట గుడారం ఉంది. లోపల స్టవ్ మంట హోరు. వంటమనిషి బావని చూడగానే జరిగి చోటిచ్చాడు. బావ బియ్యం బస్తా మీద కూర్చుని, గుడ్డసంచి మూతి విప్పాడు. చింతపండు, ఎండుమిరపకాయలు, ఆవాలు, ఎండబెట్టిన కరివేపాకు, ఇంగువ డబ్బా. చాకు తీసుకుని ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాడు. బొటనవేలు ఎడంగా పెట్టి, గబగబా. మా బావ! నేను గుడారం గుమ్మంలోనే నిలబడిపోయాను.

డాక్టరమ్మ తల లోపలికి పెట్టి, "పులుపా ఇవాళ?" అని అడిగి, ఔననిపించుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

ఆవాలు చిటపటలాడాయి. ఇంగువ పడగానే గుడారమంతా గుడివాడలో అక్క వంటిల్లయిపోయింది.

"ఇంట్లో ఎందుకు చెయ్యరు బావా ఇది?"

"ఇంట్లో వంటింట్లోకి వెళ్తే మీ అక్క వెనకాలొచ్చి నిలబడుతుంది. ఉప్పెంత వేశానో, నూనె ఎంత పోశానో చూస్తుంది. చేతులాడవు." గరిటెతో కలిపాడు. "ఇక్కడ అన్నం ఉడక్కపోయినా ఎవరూ ఏమనరు. ఇంత ఎత్తులో ఎవరికీ సరిగ్గా ఉడకదు. ఎందుకో నీకు తెలుసుగా, నువ్వు ఫిజిక్స్ మేష్టారివి."

తెలుసు. పైకి పోయేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. ఆ రోజు అన్నం నిజంగానే పలుకుగా ఉంది. అందరూ రెండోసారి పెట్టించుకున్నారు.

తిరిగొచ్చాక గుడివాడ వెళ్ళి అక్కకి ఉన్నదున్నట్టు చెప్పాను. పసుపు సంచి, ఉల్లిపాయలు, డాక్టరమ్మ, అన్నీ. అక్క వింటున్నంతసేపూ కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"అయిందా?"

"అయింది. ఇంకేం లేదక్కా. వంట చేస్తున్నాడు, అంతే."

"ఇదేనా నీకు చెప్పమన్నది?"

"ఎవరు?"

"మీ బావ. గరిటె పట్టుకున్నాడంటే నేను నమ్ముతాననుకున్నాడా? ఇంకేదన్నా చెప్పినా నమ్మేదాన్నిరా. నిన్ను కూడా తనవైపు తిప్పుకున్నాడన్నమాట."

ఒట్టు వేశాను. వేసేకొద్దీ ఆమె మొహం ఇంకా బిగుసుకుంది. కాసేపటికి వేరే గొంతుతో, "నిజమే అనుకో. అక్కడ ముక్కూమొహం తెలియనివాళ్ళకి వండిపెడతాడా? నేను జ్వరంతో పడుకుంటే హోటల్ నుంచి ఇడ్లీ తెప్పించాడు," అంది. వంట సంగతి నిజం కాకపోతేనే ఆమెకి బావుండేదేమో అనిపించింది.

మరుసటి ఆదివారం నన్ను పిలిపించి, బావని వంటింట్లోకి పంపింది. "పులిహోర చెయ్యండి, తమ్ముడు తింటాడట." ఆయనకి ఆవాల డబ్బా దొరకలేదు. పోపుల పెట్టె బదులు పప్పుల డబ్బాలు తెరిచాడు. అక్క గుమ్మానికి చేరబడి, చేతులు కట్టుకుని చూస్తూ ఉంది. ఆయన గుమ్మం వైపే చూస్తుంటే ఇంగువ మాడింది, ఉప్పు రెండుసార్లు పడింది. నోట్లో పెట్టుకోలేకపోయాం. అక్క నా వైపు చూసిన చూపుకి కంచం ముందు నుంచి లేచిపోవాలనిపించింది.

"వచ్చేసారి నేనే వెళ్తాను," అంది.

మేమెవరం నమ్మలేదు. ఆమె మాత్రం బూట్లు కొంది. తెల్లవారగానే కారులో కోడూరు వెళ్ళి, చీర మీదే వీపుకి సంచి తగిలించుకుని, అందులో బియ్యం ప్యాకెట్లు పెట్టుకుని చెరువు గట్ల మీద నడవడం మొదలెట్టింది. మొదటిరోజే కాపలావాడు బావకి ఫోన్ చేశాడట: "అమ్మగారు సంచేసుకుని చెరువుల చుట్టూ తిరుగుతున్నారండీ. నా మీద ఎవరైనా ఏమన్నా చెప్పారాండీ?" చుట్టుపక్కల చెరువులవాళ్ళు కూడా కొన్నాళ్ళు ఆమె కనబడగానే మాటలు ఆపేసేవాళ్ళట.

వానలు వెనకపట్టాక ఇద్దరూ కలిసి వెళ్ళారు. వచ్చాక చూడ్డానికి వెళ్ళాను. అక్క ముక్కు మీద తోలు ఎండకి లేచిపోయి ఉంది. హాల్లో ఇద్దరూ దగ్గరగా కూర్చుని ఏదో మాట్లాడుకుంటున్నారు. నన్ను చూడగానే ఆపేశారు.

"ఏమైందక్కా? చూశావా?"

"ఏముంటుందిరా? కొండలు."

"వంట?"

"అన్నం ఉడకలేదు," అంది.

బావ టీవీ వైపు తిరిగాడు. నవ్వు దాచుకుంటున్నాడని నాకు అనుమానం. ఎంత గుచ్చి గుచ్చి అడిగినా ఇద్దరూ ఒక్క ముక్క చెప్పలేదు. ఇంటిల్లిపాదికీ తెలిసిన సంగతేదో నాకొక్కడికే తెలియనట్టు కూర్చున్నాను. బస్సుకి టైమవుతోందని లేస్తుంటే అక్క గుమ్మం దాకా వచ్చింది.

"వేసవిలో మళ్ళీ వెళ్తున్నాం. నువ్వు రానక్కర్లేదులే," అంది.