రుమాలు మీది మరక

పురానాపూల్ మీద పోయే బండి పొగను ఫలక్‌నుమాలో కూర్చుని వాసన చూసి, దాని డ్రైవరు పొద్దున ఏ కూర తిన్నాడో కూడా చెప్పగల మొనగాడు మెకానిక్ ఆగయ్య. ఇది ఆయన మనవరాలి మాట. ఏ బండి వచ్చినా ఆగయ్య ముందు బీడీ ఆర్పి చెవి వెనక పెట్టుకుంటాడు. సైలెన్సర్ గొట్టానికి తెల్ల రుమాలు అడ్డంపెట్టి, పడిన మరకను ముక్కు దగ్గరికి తెచ్చుకుని కళ్లు మూసుకుంటాడు. దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన యూసుఫ్ భాయి కొన్న టర్బో కారు నీలం పొగ కక్కినప్పుడూ అంతే చేశాడు. "పిస్టన్ రింగులు పోయినయ్ భాయ్" అని ఇంజన్ మొత్తం విప్పేశాడు. చూస్తే రింగులు కొత్త గాజుల్లా మెరుస్తున్నాయి. ఆయిల్ కారుతున్నది ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బోలో. దాని గొట్టం ముందే విప్పి చూసి ఉంటే గంటలో తేలిపోయేది. అన్నీ మళ్లీ బిగించేసరికి ఎనిమిది రోజులు పట్టింది. ఆలోగా సెలవు అయిపోయి, తల్లిని ఒక్కసారైనా ఆ కారులో తిప్పకుండానే యూసుఫ్ విమానం ఎక్కాడు. కొడుకు కారు బాగుచేసిన ఉస్తాద్ అని ఆ తల్లి ఇప్పటికీ శుక్రవారం శుక్రవారం గిన్నెడు ఖీర్ పంపుతుంది. ఆగయ్య దాన్ని ముట్టడు, మనవరాలి వైపు తోసేస్తాడు. మొన్న మనవరాలు వేళ్లు నాకుతూ, "తాతా, నీ మీద కథ రాస్తున్న. ఉస్తాద్ నంబర్ వన్ అని పేరు పెట్టాల్నా?" అని ఆటపట్టించింది. ఆగయ్య రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"రాస్తే గిది రాయి. నేను తప్పు జెప్పిన. గా ముసలమ్మకు ఇంకా జెప్పలే."