గెస్ట్ హౌస్ లాన్‌కి బస్తా యూరియా

ఎనభైల మొదట్లో విశాఖపట్నంలో ఒక కంపెనీ గెస్ట్ హౌస్‌కి నేను గుమాస్తాని. దుప్పట్లు, కప్పులు, కుర్చీలతోపాటు ముందున్న లాన్ కూడా నా పూచీలోనే ఉండేది. పోర్టు వైపు నుంచి ఎర్రదుమ్ము, సముద్రం నుంచి ఉప్పుగాలి. ఆ గడ్డి పచ్చగా ఉన్న రోజు నేనెరుగను.

తోటపని చేసేది యాభై దాటిన ఒక రైతు. ఆయన పొలం ఫ్యాక్టరీ కింద పోతే రోజుకూలీగా పెట్టుకున్నారు. పర్మనెంటు చేస్తామని నాలుగేళ్లుగా చెబుతూనే ఉన్నారు. ఇప్పుడు ఢిల్లీ నుంచి పెద్దాఫీసరు వస్తున్నాడు. లాన్ పచ్చగా ఉంటే రైతు పర్మనెంటు కాగితం మీద సంతకం పడుతుంది, లేకపోతే ఇంటికి పొమ్మంటారు. ఈ మాట మేనేజరు నా ముందే చెప్పాడు. గడువు మూడు వారాలు.

యూరియా కావాలని రాసి పంపాను. ఆ కాస్త లాన్‌కి నాలుగు దోసిళ్లు చాలని నా దగ్గరున్న కరపత్రంలో ఉంది. స్టోర్సులో మాత్రం బస్తాకి తక్కువ ఇవ్వరు. విప్పిన బస్తా వెనక్కి తీసుకోవడానికి ఫారం లేదు. మిగిలితే ఎందుకు మిగిలిందో నేను సంజాయిషీ రాసుకోవాలి. నేను పిరికివాణ్ణి, మొత్తం వాడెయ్యమన్నాను.

రైతుకి తెలిసిన గడ్డి ఒక్కటే, వరి. మర్నాడు నేను వెళ్లేసరికి లాన్ చుట్టూ గట్టు వేసి, పైపు వదిలి, చీలమండ లోతు నీళ్లు నిలబెట్టాడు. పంచె ఎగ్గట్టి, తట్ట నడుముకి ఆనించుకుని గుప్పెడు గుప్పెడు జల్లుతున్నాడు. ఇదేమిటని అడిగితే నా మీద జాలిపడ్డాడు.

"నీళ్లు నిలబడకుండా యూరియా ఏటి పడతాది బాబూ? మీరు కాగితంలో సదివినారు. నాను సేలో సూసినాను."

నిజం చెప్పొద్దూ, నమ్మాను.

మూడో రోజుకి కొంగలు దిగాయి. గెస్టులు కిటికీలు మూసుకున్నారు. బస్టాండు వెనక గోడ దగ్గరుండే ఘాటు ఇక్కడా మొదలైంది. అది గాలిలో కలిసిపోతున్న మా యూరియాలో కొంత. ఇంకొంత నీళ్లతోపాటు వేళ్లకి అందనంత లోతుకి ఇంకింది. అంతలో వాన పట్టుకుని గట్టు తెగింది. మిగిలినదంతా రోడ్డు పక్క మురికి కాలవలోకి దిగిపోయింది. గడ్డికి ఎంత దక్కిందో గడ్డికే తెలియాలి. గుప్పెళ్లు పడినచోట మాడిన మచ్చలు, వాటి చుట్టూ జానెడు పచ్చ, లాన్ దద్దుర్లు లేచిన వీపులా ఉంది.

కాలవ మాత్రం పండింది. తుంగా తూటాకూ నడుమెత్తు లేచి నిగనిగలాడాయి.

పెద్దాఫీసరు కారు దిగాడు. లాన్ కేసి చూడనైనా చూడకుండా కాలవ దగ్గర ఆగిపోయాడు. ఈ ఊళ్లో ఇంత పచ్చదనం చూడలేదంటూ పెంచినవాణ్ణి పిలవమన్నాడు. మేనేజరు నోరు తెరిచేలోగా నేను రైతుని ముందుకి తోశాను. సంతకం అక్కడే, కారు బానెట్ మీదే అయిపోయింది. నాకు ఎంత సంతోషమైందో ఇప్పటికీ చెప్పలేను.

వారం తర్వాత ఆర్డరు వచ్చింది. పర్మనెంటే, కాని తోటలో కాదు. ఆయన పనితనం కాలవలో బయటపడింది కనక కాలవలు బాగుచేసే సెక్షన్లో వేశారు. మొదటి పని కూడా అందులోనే రాశారు. దోమలు పెరుగుతున్నాయని ఫిర్యాదు వచ్చినందున గెస్ట్ హౌస్ ముందు కాలవలోని పిచ్చిమొక్కలు వెంటనే తీసెయ్యాలి.

నాకు ఒళ్లు మండింది. మేనేజరుతో తేల్చుకుంటానన్నాను. రైతే వద్దన్నాడు. మర్నాడు ఇంటి నుంచి కొడవలి తెచ్చుకుని కాలవలోకి దిగాడు. వంగి, ఒక చివర నుంచి వరస తప్పకుండా కోసుకుంటూ పోయాడు. తుంగనే తాడుగా పేని కట్టలు కట్టి ఒడ్డున పేర్చాడు. ఎవరూ అడగలేదు అలా చెయ్యమని.

"పొలం పోనాక మళ్లీ కోత కోత్తాననుకోనేదు బాబూ," అన్నాడు తలెత్తకుండా.

నేను చెప్పులు విప్పి కాలవలోకి దిగాను.