అమ్మది తీసీ

మా అమ్మకి నత్తి. ఈ మాట ఊళ్లో ఎవరైనా అంటే వాళ్ల మీదికి వెళ్లిపోయేదాన్ని కాబట్టి ముందుగా నేనే చెప్పేస్తున్నాను. ప దగ్గరా త దగ్గరా ఎక్కువగా ఆగిపోయేది. కొట్లో పప్పు కావాలంటే వేలు పెట్టి చూపించేది. చర్చిలో కీర్తన మాత్రం ఎక్కడా తొట్రుపడకుండా చివరిదాకా పాడేది. పాటకి రాని అడ్డం మాటకెందుకు వస్తుందో నాకు అర్థమయ్యేది కాదు. అమ్మని అడిగితే తనకీ తెలీదని చేత్తో చెప్పేది.

అలాంటి మనిషిని తీసుకెళ్లి కెమెరా ముందు కూర్చోబెట్టాల్సి వచ్చింది. అప్పుడు నేను శ్రీకాకుళంలో డిగ్రీ చివరి ఏడాది. పొందూరు నుంచి బస్సులో వెళ్లొచ్చేదాన్ని. మాకు మల్టీమీడియా అని ఒక పేపరు ఉండేది. ఫ్రేము ఎలా పెట్టాలి, వెలుతురు ఎటునుంచి రావాలి, గొంతు పగిలిపోకుండా మైకు ఎంత దూరంలో ఉండాలి, ఇవన్నీ అందులోనే నేర్చుకున్నాం. క్లాసు మొత్తానికి కెమెరా ఒక్కటే. ఒక్కో జట్టుకి ఒక్కో రోజు ఇచ్చేవారు. ప్రాక్టికల్ పరీక్షకి చిన్న డాక్యుమెంటరీ తీయాలి. అందులో ఒక మనిషి తన పని గురించి తన గొంతుతో చెప్పాలి. గొంతు లేకపోతే మార్కులు లేవని మా సార్ ముందే తేల్చేశారు.

సార్‌ది గుంటూరు వైపు. పొందూరు పిల్లననగానే ఖద్దరు మీద తీయమన్నారు. సరే, పక్కింటి అత్త నూలు వడుకుతుంది, గలగలా మాట్లాడుతుంది, నాకేం దిగులనుకున్నాను. తీరా మాకు కెమెరా ఇచ్చే రోజు వచ్చేసరికి ఆవిడ కూతురి పురిటికని వెళ్లిపోయింది. ఇంక మిగిలింది మా అమ్మ. అడగడానికి నోరు రాలేదు. నా మొహం చూసి తనే రాట్నం ముందు కూర్చుంది.

నా జట్టులో ఇంకో అమ్మాయి ఉండేది. గరివిడి పిల్ల, హాస్టల్లో ఉండి చదివేది. కెమెరా తను పట్టుకుంది, మైకు నేను పట్టుకున్నాను. అమ్మ వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం చూపించింది. ఆ దవడకి ఉండే సన్నటి పళ్లలోంచి పత్తి పట్టులా వస్తుంది. తర్వాత రాట్నం తిప్పడం మొదలుపెట్టి, తిప్పుతూనే నోరు విప్పింది.

ఆగలేదు. పత్తి గురించి చెప్పింది, తనకి రాట్నం నేర్పిన మా అమ్మమ్మ గురించి చెప్పింది, మాటలు ఒకదాని వెనక ఒకటి కీర్తనలోలాగే వచ్చేస్తున్నాయి. ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ ఆగుతుందోనని చూస్తూ నేను మైకు పట్టుకున్నాను. ఎక్కడా ఆగలేదు. పుట్టి బుద్ధెరిగాక మా అమ్మ అంతసేపు అలా మాట్లాడటం నేను వినలేదు. అయిపోయాక తనకే నమ్మకం కుదరలేదు. "ఆగలేదు కదే?" అని నన్నడిగింది. ఆగలేదమ్మా అన్నాను. లేచి చీర దులుపుకుని వీధి చివర ఉన్న మా పిన్నికి చెప్పడానికి వెళ్లింది. మా అమ్మ ఒక మాట చెప్పడానికని ఒకరింటికి వెళ్లడం నాకు తెలిసి అదే మొదలు.

తర్వాత జరిగింది తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కెమెరాలోని కార్డు తీసి గరివిడి పిల్ల లాప్‌టాప్‌లో పెట్టాను, అమ్మ మాట్లాడింది అందులోకి ఎక్కిద్దామని. సగంలో కరెంటు పోయింది. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, ఠక్కున ఆరిపోయింది. కరెంటు వచ్చాక ఎక్కిద్దాంలే అనుకుని కార్డు తిరిగి ఆ పిల్లకి ఇచ్చేసి టీ పెట్టడానికి లోపలికి వెళ్లాను. ఎక్కలేదన్న సంగతి తనకి చెప్పలేదు. అమ్మ పిన్ని ఇంటి నుంచి తిరిగొచ్చింది. అమ్మ చేతుల్ని దగ్గరగా తీయడం ఇంకా మిగిలి ఉంది, వెలుతురు తగ్గిపోతోంది. వీధి అరుగు మీంచి గరివిడి పిల్ల ఏదో కేకేసింది. స్టవ్ మోతలో చివరి ముక్కే వినిపించింది, ఏటి సెయ్యమంటావని.

"అమ్మది తీసీ," అన్నాను.

చేతులు గబగబా షూట్ చేసెయ్యమని నా ఉద్దేశం. తను అడిగింది మాత్రం వేరు. కార్డు నిండిపోయింది, ఏటి సెయ్యమంటావని. మా వైపు తీసీ అంటే షూట్ చేసెయ్యమనీ అర్థమే, తీసి పారెయ్యమనీ అర్థమే. లాప్‌టాప్‌లోకి ఎక్కిపోయిందనుకుని తను అమ్మ మాట్లాడిందంతా చెరిపేసింది. ఆ ఖాళీలో చేతులు షూట్ చేసింది.

సంగతి బయటపడ్డాక ఇద్దరం పొందూరు బస్టాండులో పదిమందీ చూస్తుండగా పోట్లాడుకున్నాం. "నువ్వే కదే తీసీమన్నావు," అని తను, తీసీ అంటే తీసెయ్యడమా అని నేను. ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూ బస్సెక్కింది. నేను అదే బస్సులో వెనక సీట్లో కూర్చున్నాను. శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ దగ్గర ఒక ఫొటో స్టూడియోలో చెరిగిపోయినవి వెనక్కి తెస్తారని ఎవరో చెప్తే వెళ్లాం. ఆయన చాలాసేపు చూసి పెదవి విరిచాడు. దాని మీద చేతుల వీడియో ఎక్కేసింది, ఇంక దేవుడు కూడా తీయలేడమ్మా అన్నాడు.

సార్ కాళ్లా వేళ్లా పడితే మర్నాడు మధ్యాహ్నం వరకు కెమెరా ఇచ్చారు. మూడింటికల్లా తిరిగి ల్యాబ్‌లో ఉండాలి, ఆ తెల్లారే పరీక్ష. ఇంటికెళ్లి అమ్మకి చెప్పడం ఒక్కటే మిగిలింది. ఆ సంతోషాన్ని నా నోటితో నేనే తుడిచెయ్యాలి. చెప్పాను. పొద్దున్నే అమ్మ వేరే చీర కట్టుకుని మళ్లీ రాట్నం ముందు కూర్చుంది.

మొదటి మాటే పత్తి. ప దగ్గర ఆగిపోయింది. పెదవులు బిగుసుకున్నాయి, మెడ మీద నరం లేచింది, రాట్నం తిప్పే చెయ్యి కూడా ఆగిపోయింది. నిన్నటిలా చెప్పాలని చూస్తోందని నాకు తెలుస్తూనే ఉంది, అందుకే ఇంకా రావట్లేదు. టైమవుతోంది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ ఆగింది. ఆపేద్దామమ్మా అంటే తల అడ్డంగా ఊపింది. చెప్పాల్సిందంతా చెప్పింది. ఒక్కో మాటా పళ్లూడబెరికినట్టు లాక్కుంటూ చెప్పింది. నా స్నేహితురాలు కెమెరా వెనకాల మొహం దాచుకుంది.

ల్యాబ్‌లో సార్ మొత్తం చూశారు. మంచి మనిషి, నవ్వలేదు. గ్యాప్‌లన్నీ తీసేయండి, బయటినుంచి వచ్చే ఎగ్జామినర్ ఊరుకోడు అన్నారు. ఎలా తీయాలో కూడా దగ్గరుండి నేర్పించారు. మాట ఆగినచోట కంప్యూటర్‌లో ఉండే బ్లేడు బొమ్మతో కోసి, ఆ ముక్క పక్కన పెట్టి, అటూ ఇటూ దగ్గరికి లాగి అతికించాలి. అతికినచోట బొమ్మ ఎగిరిపడుతుంది కాబట్టి అక్కడ మనిషి మొహం కాకుండా చేతులు చూపించాలి. అమ్మ మాటల్ని చెరిపేసి తీసిన చేతులు అలా పనికొచ్చాయి. ల్యాబ్ మూసే టైముకి గొలుసు పట్టుకుని అటెండర్ గుమ్మంలో నిలబడ్డాడు. నేను కోస్తున్నాను, గరివిడి పిల్ల అతికిస్తోంది. అప్పటికి మా మధ్య మాటలు లేవు. కోసేటప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. పని అయిపోవాలి, అంతే.

మర్నాడు పరీక్షకి విశాఖపట్నం నుంచి వచ్చినాయన మా వీడియో చూస్తున్నంతసేపూ గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఎక్కడో ఒకచోట అతుకు కనబడుతుందని ఆయన మొహమే చూస్తున్నాను. కనబడలేదు. మీ అమ్మగారు ఎంత ధారాళంగా మాట్లాడారమ్మా అన్నాడాయన. బయటికొచ్చాక గరివిడి పిల్ల నన్ను పట్టుకుని ఏడ్చింది. పాసయిపోయాం.

సాయంత్రం ఆ పిల్ల లాప్‌టాప్ అడిగి తీసుకుని, ల్యాబ్‌లో ఉన్నదంతా అందులోకి ఎక్కించుకుని ఇంటికెళ్లాను. అమ్మ ముందు పెట్టి ఆన్ చేశాను. రాట్నం తిరుగుతోంది, అమ్మ గలగలా మాట్లాడుతోంది. చూస్తూ చూస్తూ స్క్రీన్ దగ్గరికి జరిగింది.

"సీర రెండో రోజుది," అంది మెల్లగా. "మాట తొ... తొలిరోజుది. దొరికిందేటే?"

ఆ మొహంలో వెలుగు చూశాక అవుననేద్దామనే అనుకున్నాను. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఎంతకాలం దాస్తాను? మాట కూడా రెండో రోజుదేనని, మధ్యలో ఆగినవన్నీ కోసేశానని చెప్పాను. ఆ ముక్కలు పారేశావా అని చేత్తో అడిగింది. లేదు, ఇందులోనే ఉన్నాయన్నాను. వెయ్యమంది. వద్దమ్మా, వినలేవు అన్నాను. మళ్లీ వెయ్యమంది.

వేశాను. వరసగా అవే వచ్చాయి. మాటల్లేవు. బిగుసుకున్న పెదవులు, ఊపిరి, ప, ప, మళ్లీ ఊపిరి. ఎంతకీ అయిపోవడం లేదు. ఆపేస్తానంటే నా చెయ్యి పట్టుకుంది. తన నత్తిని తను బయటినుంచి వినడం అదే మొదటిసారి. తిట్టినా బాగుండు, ఏడ్చినా బాగుండు అనిపించింది. అన్నీ అయిపోయాక నావైపు తిరిగింది.

"ఇంతసేపు ప... పట్టీదా నాకు?" అంది. "సిన్నప్పట్నుంచీ ఇలాగే కూకొని ఇన్నావేటే నువ్వు?"

నాకు ఏడుపు ఆగలేదు. నిన్నంతా కూర్చుని వాటినే కోసి పక్కన పెట్టినదాన్ని, నన్నా ఆ మాట అడిగేది? అమ్మ కంగారుపడి నా గడ్డం పట్టుకుని ఏదో చెప్పబోయింది. త దగ్గర ఆగిపోయింది. ఆ మాట వచ్చేదాకా కూర్చున్నాను.