అమ్మ కొట్టిన కోబాల్ కార్డులు

ఇవాళ రేకు పెట్టె సర్దుతుంటే చిల్లులున్న పసుపు కార్డొకటి దొరికింది. పటాన్‌చెరు దోస్తులారా, గుర్తుందా? ఈ పంచ్ కార్డుల వెనకే మనం ఎక్కాలు రాసుకునేవాళ్లం. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ మెషిన్ నూనె వాసన.

అవి అమ్మ ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన పాడైన కార్డులు. ఇంజనీర్లు కాగితం మీద కోబాల్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాం రాసిస్తే, అమ్మ ఒక్కో వరుసకు ఒక్కో కార్డు మెషిన్ మీద కొట్టేది. ఒక్క చిల్లు తప్పినా కార్డు పాడయ్యేది.

నేను ఏడో తరగతిలో ఉండగా తెరలున్న టెర్మినళ్లు వచ్చాయి. ఇంజనీర్లే నేరుగా టైపు చేసుకోసాగారు. అమ్మ ఆఫీసరును అడిగింది.

"సార్, నాక్కూడ నేర్పుండ్రి. పదేండ్లసంది గా భాషనే కొడుతున్న."

"కొట్టడం వేరు, రాయడం వేరమ్మా," అన్నాడాయన. అమ్మను ప్యాకింగుకు మార్చారు.

ఆ సాయంత్రం అమ్మ నా ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తెరిపించి, కార్డుల మీద వేలసార్లు కొట్టిన 'పెర్ఫామ్' అనే మాట వెతికించింది.

"చేయుట," అని చదివాను.

"గింతేనా? గిన్నేండ్లల్ల ఒక్కరన్న చెప్పలే గదనే."

ఇంకో మాట వెతుకుదామన్నాను.

"వద్దు బిడ్డా. ఇగ దేనికి?"

అమ్మ ప్యాకింగులోనే రిటైరయింది. ఉద్యోగం వచ్చాక నేను ఇంట్లోకి కంప్యూటర్ కొన్నాను. నేర్పుతా రమ్మని ఎన్నిసార్లు పిలిచినా, అమ్మ దాని ముందు ఒక్కనాడూ కూర్చోలేదు.