గారడీ గంప కింద మా అన్న

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో మనవరాలు నాకు మంత్రాల హీరో సినిమా చూపించింది. రంగులు, మంటలు బాగున్నాయి. కానీ అంత మాయ చేసే హీరోకు చెమటైనా పట్టదా? నాకు నమ్మకం కలగలేదు.

మన వయసువాళ్లకు గుర్తుందా, అరవై తొమ్మిది తెలంగాణ గొడవల్లోనూ గారడీవాళ్లు వచ్చేవారు? ఒకసారి కర్మన్‌ఘాట్ గుడి దగ్గర ఆట జరుగుతోంది. ఆ గారడీ తాత పిల్లల్ని ఎత్తుకుపోతాడేమోనని నేను దూరంగానే నిలబడ్డాను. ఇంతలో ఉద్యమ ఊరేగింపులో పోలీసుల నుంచి తప్పించుకుని మా అన్న పరుగెత్తుకొచ్చాడు. తాత గబుక్కున అన్నను పెద్ద గంప కింద దాచాడు. వెనకే పోలీసు వచ్చి గంప మీదికి లాఠీ చాచాడు.

"ఏందిరా, గంప కింద?"

"నాగుపాము సార్. మంత్రం గాకముందే గంప ముట్టినోడు రక్తం కక్కుకుంటడు. ఇగ మీ ఇష్టం."

తాత మెడ మీద చెమట కారుతోంది. గంప అంచు కింద అన్న చెప్పు కనిపిస్తోంది. పోలీసు అటే చూశాడు, లాఠీ వెనక్కి తీసుకున్నాడు.

"జల్ది కానియ్యి" అని వెళ్లిపోయాడు.

ఆయన రక్తం మాటకు జడిశాడా, చెప్పు చూసి కూడా వదిలేశాడా? నాకు ఇప్పటికీ అనుమానమే. సినిమాలో అలాంటి అనుమానం ఒక్కటీ మిగల్లేదు.